ఆ అమ్మాయి బిలిరుబిన్

బిలిరుబిన్ ప్రాక్టికల్ రోజున మా ల్యాబ్‌లో కిటికీలు మూసేస్తాం. వెలుతురు తగిలితే సీరమ్‌లో, అంటే గడ్డకట్టిన రక్తం పైన తేరుకునే నీటిలో ఉండే బిలిరుబిన్ అనే పసుపు విరిగిపోయి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకని ట్యూబులకు నల్లకాగితం చుట్టి, సగం లైట్లు ఆర్పేసి పని మొదలుపెడతాం. మా కాలేజీ గవర్నర్‌పేటలో ఒక పాత మేడ మీద ఉంది. కింద హోల్‌సేల్ మందుల దుకాణాలు, వాటి ముందు అట్టపెట్టెలు దించే ఆటోలు, రోజంతా హారన్లు. కిటికీలు మూస్తే ఆ గోల తగ్గి పిల్లల గుసగుసలు వినిపిస్తాయి. అందుకు కూడా నాకా క్లాసంటే ఇష్టం.

నేను చాలాకాలం హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసి, తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలకు క్లినికల్ కెమిస్ట్రీ చెప్పడానికి వచ్చాను. మా పిల్లల్లో ఎక్కువమంది కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. ఇంటర్లో బైపీసీ చదివి, త్వరగా ఏదో ఒక ఉద్యోగంలో చేరాలని ఈ కోర్సు తీసుకున్నవాళ్ళు. మొదట్లో వాళ్ళకు కెమిస్ట్రీ అంటే పరీక్షలో రాసే సమీకరణాలు. ఆ సమీకరణాలు తమ ఒంట్లో ఈ క్షణాన కూడా జరుగుతున్నాయని వాళ్ళకు నిజంగా అనిపించేదాకా నేను చెబుతూనే ఉంటాను. అందుకే ప్రాక్టికల్స్‌కు పిల్లలు ఒకరి రక్తం ఒకరు తీసి, తమ సీరమ్ మీదే పరీక్ష చేసుకుంటారు.

ఒక బ్యాచ్‌లో పామర్రు అవతల ఒక ఊరి నుంచి వచ్చే అమ్మాయి ఉండేది. తెలివైనది, మాట నెమ్మది. పిపెట్ పట్టుకుంటే చెయ్యి కదిలేది కాదు. ఆమె కళ్ళల్లో తెల్లగా ఉండాల్సిన చోట లేత పసుపు ఉండేది. కొన్ని రోజులు పట్టిచూస్తే గానీ తెలియదు, కొన్ని రోజులు గుమ్మం దగ్గర నుంచే తెలుస్తుంది. ఎడమ మణికట్టు మీద గుండ్రంగా, నున్నగా ఒక మచ్చ. ఈ డెల్టాలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి అది చూడగానే గుర్తుపట్టాను. కామెర్లు తగ్గాలని చిన్నపిల్లలకు పెట్టించే వాత అది.

మధ్యాహ్నం అందరితో పాటే కూర్చునేది గానీ, బాక్సు మాత్రం ఒళ్ళో పెట్టుకుని తినేది. అందులో ఎప్పుడు చూసినా మెత్తగా వండిన అన్నం, పల్చటి మజ్జిగ, ఉడకబెట్టిన సొరకాయో బీరకాయో. ఉప్పు లేదు, నూనె లేదు. పక్కనున్న పిల్ల పచ్చడి వెయ్యబోతే చేత్తో అడ్డం పెట్టి, "వద్దే, నాకు కామెర్లు. నా చెంచా కూడా ముట్టుకోబాక" అనేది. బాధగా అనేది కాదు. తన ఊరు ఏదో చెప్పినంత మామూలుగా అనేది.

ఒకసారి అడిగాను, డాక్టరుకు చూపించారా అని.

"చిన్నప్పుడు చూపించారు మేడమ్. టానిక్ రాసిచ్చాడు. తర్వాత్తర్వాత పసరు మందే. ఏటా వేయిస్తది మా అమ్మ. తగ్గుద్ది, మళ్ళీ వస్తది."

బిలిరుబిన్ ప్రాక్టికల్ శనివారం పెట్టాను. ముందు రోజు సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆమె స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది.

"మేడమ్, రేపు నేను రావాలా?"

"ఎందుకు రావు?"

"ప్రాక్టికల్ చేస్తాను మేడమ్. వేరేవాళ్ళ శాంపిల్ మీద చేస్తా. నాది మాత్రం వద్దు. ఎక్కువొస్తదని తెలిసిందేగా."

"ఎక్కువ వస్తుందని తెలుసు. ఎంతో తెలుసా?"

తల అడ్డంగా ఊపింది. ఎవరూ ఎప్పుడూ కొలవలేదట. కళ్ళు చూడటం, పసరు వెయ్యడం, అంతే.

"నీకు ఇష్టం లేకపోతే వద్దమ్మా. నేనేం అనుకోను. కానీ ఇంతకాలం నుంచి నీతోనే ఉంది కదా, ఒకసారి కొలిచి చూడాలని లేదా?" అన్నాను. ఆమె బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

మర్నాడు వచ్చింది. వచ్చి, తన జోడీగా కూర్చునే అమ్మాయి ముందు చెయ్యి చాపింది.

సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి బయటికి తీసిన ట్యూబులు స్టాండులో వరసగా పెట్టారు. మిగతావన్నీ లేత గడ్డిరంగులో ఉంటే ఆమెది మాత్రం బాగా పండిన నిమ్మకాయ రంగులో ఉంది. జోడీ అమ్మాయి గబగబా దానికి నల్లకాగితం చుట్టేసింది. వెలుతురు తగలకూడదనో, మిగతావాళ్ళు చూడకూడదనో తెలియదు గానీ, ఆ పిల్ల మీద నాకు ఆ నిమిషాన చాలా ప్రేమ కలిగింది.

బిలిరుబిన్ రెండు రకాలు. రక్తంలో పాతబడ్డ ఎర్రకణాలు విరిగినప్పుడు పుట్టేది ఒకటి, దాన్ని ఇన్‌డైరెక్ట్ అంటాం. అది లివర్‌కు చేరి, లివర్ దాన్ని నీటిలో కరిగేలా మార్చి పైత్యరసంలోకి పంపిస్తుంది. అలా మారినది డైరెక్ట్. మామూలుగా మనం కామెర్లని భయపడే జబ్బుల్లో, అంటే లివర్ వాచినా, దారిలో ఏదైనా అడ్డుపడినా, డైరెక్ట్ కూడా పెరుగుతుంది. రీఏజెంట్ కలపగానే ట్యూబు ఊదారంగుకు తిరుగుతుంది. రంగు ఎంత ముదిరితే బిలిరుబిన్ అంత ఎక్కువ. మొత్తం కొలిచే ట్యూబు వేరు, డైరెక్ట్ కొలిచే ట్యూబు వేరు.

ఆమె మొత్తం బిలిరుబిన్ ట్యూబు ముదురు ఊదాకు తిరిగింది. డైరెక్ట్ ట్యూబు దాదాపు రంగే మారలేదు.

"తప్పు చేశామే. రీఏజెంట్ వేశావా లేదా?" అంది జోడీ అమ్మాయి.

"వేశా" అని ఆమె మళ్ళీ మొదటినుంచి చేసింది. మళ్ళీ అంతే. అప్పుడు నన్ను పిలిచింది. నేను రెండు ట్యూబులూ చూశాను. నాకు అర్థమైంది. అప్పటికప్పుడు చెప్పెయ్యాలనిపించింది కూడా. కానీ మనం కొలిచేవాళ్ళం, జబ్బు పేరు చెప్పాల్సింది డాక్టరు అని ప్రతి బ్యాచ్‌కూ మొదటి వారంలోనే చెబుతాను. అందుకని ఒక స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

"ఏం వచ్చింది?"

"టోటల్ ఎక్కువ మేడమ్. డైరెక్ట్ నార్మల్."

"అంటే పెరిగింది ఏది?"

"ఇన్‌డైరెక్ట్." కాసేపు ట్యూబుల వైపే చూసింది. "లివర్ పాడైతే డైరెక్ట్ కూడా పెరగాలి కదా మేడమ్?"

"పెరగాలి."

"మరి నాది పెరగలేదు."

ల్యాబ్‌లో అందరూ పని ఆపి వింటున్నారు.

"నిన్న ఏం తిన్నావు?" అని అడిగాను.

"ఏం తినలేదు మేడమ్. ఈస్టర్ ముందు శ్రమకాలం శుక్రవారం కదా. అమ్మా నేనూ ఉపవాసం ఉన్నాం. సాయంత్రం చర్చిలో కూడికకు వెళ్ళొచ్చి కొంచెం జావ తాగాం."

మిగతా లివర్ పరీక్షలు కూడా ఆమె సీరమ్ మీదే చేయించాను. లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైములు అన్నీ ఉండాల్సినంతే ఉన్నాయి. "సోమవారం నాతో రా. ఒక డాక్టరుగారిని కలుద్దాం" అన్నాను. వస్తానంది గానీ, ఆ రోజు మధ్యాహ్నం బాక్సు తెరవలేదు. ఆ చీకటి గదిలో ట్యూబులు కడుగుతూ ఉండిపోయింది.

హాస్పిటల్ రోజుల నుంచి నేనెరిగిన ఫిజీషియన్ ఒకాయన క్లినిక్ మా కాలేజీకి నాలుగు సందుల అవతల ఉంది. ఇద్దరం నడిచి వెళ్ళాం. ఆయన మందులు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ మనిషి. ఎప్పటినుంచి, మూత్రం ముదురు రంగులో వస్తుందా, దురదలున్నాయా, ఎప్పుడెప్పుడు ఎక్కువవుతుంది అని ఒక్కొక్కటీ అడిగారు. మూత్రం మామూలుగానే ఉంటుందని, జ్వరం వచ్చినా, పరీక్షలప్పుడు నిద్ర లేకపోయినా, తిండి మానేసినా కళ్ళు పచ్చబడతాయని ఆమె చెప్పింది. ఎర్రకణాలు మామూలుకంటే ఎక్కువగా విరిగిపోతున్నాయేమో చూడటానికి రక్తపరీక్షలు, పొట్ట స్కానింగ్ రాశారు. వారం పాటు వేళకు కడుపునిండా తిని, మళ్ళీ బిలిరుబిన్ చూసుకుని రమ్మన్నారు.

అన్నీ బాగానే వచ్చాయి. బిలిరుబిన్ సగానికి సగం తగ్గింది.

"ఇది జబ్బు కాదమ్మా" అన్నారు డాక్టరుగారు. దానికున్న ఇంగ్లీషు పేరు కాగితం మీద రాసి చూపించారు. "పుట్టుకతో వచ్చింది. నీ లివర్ ఆ పసుపును మార్చి పంపే పని కొంచెం నిదానంగా చేస్తుంది. పాడైపోలేదు. నిదానం, అంతే. కడుపు మాడితే ఇంకొంచెం నిదానిస్తుంది. ఎవరికీ అంటుకోదు."

"మందేంటి సర్?"

"మందు లేదు. అవసరం లేదు. వేళకు అన్నం తిను."

"నూనె?"

"అందరూ తిన్నట్టే తిను."

"ఉప్పు, కారం?"

"తిను."

"ఆవకాయ?"

"తిని, నాకూ ఒక సీసా పట్రా" అని ఆయన నవ్వారు.

ఆమె నవ్వలేదు. బయటికొచ్చి మెట్ల మీద ఆగిపోయింది. రోడ్డు మీద సిటీ బస్సు, దాని వెనక బండ్లు, అన్నీ ఒకటే రొద. "పత్తెం పెట్టినప్పుడల్లా ఇంకా పచ్చబడేవి మేడమ్. ఇంకా పచ్చబడ్డాయని అమ్మ ఇంకా పత్తెం పెట్టేది" అంది. కాసేపటికి, "మా అమ్మకి మీరే చెప్పాలి. నేను చెప్తే పచ్చడి కోసం అబద్ధమాడుతున్నానంటది" అంది.

ఆ వచ్చే ఆదివారం వెళ్ళాను. పామర్రులో దిగేసరికి ఆమె ఆటో మాట్లాడి పెట్టింది. కాలవ గట్టు వెంట వెళుతుంటే రెండు వైపులా మినుము పంట. కొన్ని చేలల్లో అప్పటికే పీకేసి కుప్పలు వేశారు. వాళ్ళది చర్చి వెనక రెండు గదుల డాబా. తండ్రి వరికోత మిషన్ మీద ఆపరేటరు, పని మీద వేరే జిల్లాకు వెళ్ళాడు. తల్లి చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఇస్త్రీ చీర ఇంకా మార్చుకోలేదు. సన్నటి మనిషి. మినుము చేలల్లో పనికి వెళ్ళి అరచేతులు నల్లబడి ఉన్నాయి.

"రండి మేడం గారూ, కూర్చోండి. మా పిల్లేమన్నా తప్పు చేసిందాండీ?" అంది కుర్చీని కొంగుతో తుడుస్తూ.

"తప్పేం లేదండీ. మంచి మాటే చెప్పడానికొచ్చాను."

చెప్పాను. ఒంట్లో పాత రక్తం ఎప్పటికప్పుడు విరుగుతుంటుందనీ, అందులోంచి పసుపు వస్తుందనీ, దాన్ని బయటికి పంపే పని మీ పిల్లకు కొంచెం నిదానమనీ, డాక్టరుగారు అన్నీ చూసి ఏ జబ్బూ లేదన్నారనీ. ఆమె గోడకు ఆనుకుని నిలబడి విన్నది.

"అంటే కామెర్లు కాదాండీ?"

"మీరు భయపడే జబ్బు కాదు."

"మరి పసరేస్తే తగ్గేదిగా?"

"వెయ్యకపోయినా తగ్గేదండీ."

 ఆమె మెల్లగా కింద కూర్చుంది. "మా పక్కింటి పిల్లోడు కామెర్లతో పోయాడండీ, ఆ యేడు. నెల తిరక్కుండానే దీని కళ్ళు పచ్చబడ్డాయి. నాకింకేం తోస్తది? కాలవ అవతల ఊళ్ళో వాతలు పెట్టే ఆయన దగ్గరికి ఎత్తుకుని పరిగెత్తా." కూతురి మణికట్టు తన చేతిలోకి తీసుకుంది. "నేనే పట్టుకున్నానండీ ఈ చెయ్యి. కదలకుండా గట్టిగా పట్టుకోమన్నాడు, పట్టుకున్నా. ఇది అక్కర్లేదంటారా అయితే?"

అవసరమేనని అబద్ధం చెప్పలేను, కాదని ఆ ముఖం చూస్తూ అనలేను. ఆ అమ్మాయే అంది.

"నాకు కాల్చింది గుర్తే లేదు అమ్మా. నువ్వు నాకంటే పెద్దగా ఏడ్చావు. ఆయన నిన్ను కసిరాడు. అదే గుర్తుంది."

తల్లి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "కసిరాడు మరి. పిల్ల ఊరుకుంది, నువ్వు ఊరుకోవేంటి అని."

భోంచేసి వెళ్ళాలని పట్టుబట్టింది. నేను వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. పొయ్యి పక్కన ఒక గిన్నెలో ఉడికిన సొరకాయ ఉంది, రంగూ రుచీ లేకుండా. ఒక్కరికి వండినట్టు లేదు. ఎవరైనా చుట్టాలొస్తున్నారా అని అడిగాను.

"లేదు మేడమ్. అమ్మ కూడా నాతో పాటు అదే తింటది" అంది కూతురు.

"ఎప్పటినుంచి?"

"మొదట్నుంచీ. నాన్నకు మటుకు వేరే వండుద్ది."

నేను తల్లి వైపు చూశాను. ఆమె ఉల్లిపాయ తరుగుతూ తలెత్తకుండా, "పిల్ల చప్పిడి కూడు తింటుంటే నాకు పులుసు ఎట్టా దిగుద్దండీ?" అంది.

  నేను లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, మిగిలిన ఉల్లిపాయలు నేను తరిగాను.

ఆ రోజు కందిపప్పు వండి ఎండుమిర్చి, ఇంగువ వేసి తిరగమోత పెట్టింది. వంకాయలు నూనెలో వేయించింది. పక్కింటికి వెళ్ళి చిన్న గిన్నెలో ఆవకాయ తెచ్చింది. వడ్డించే ముందు ఆ అమ్మాయి అలవాటుగా వెళ్ళి, గూట్లో విడిగా పెట్టి ఉన్న తన పళ్ళెం తీసుకుంది. తల్లి చూసి, దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని, తోమాల్సిన గిన్నెల్లో కలిపేసింది. అందరి కంచాలూ ఉన్న దొంతరలోంచి ఒకటి తీసి కూతురి ముందు పెట్టింది.

ఆవకాయ అన్నంలో నెయ్యి వేసి కలిపిన మొదటి ముద్దకే పిల్ల కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. నీళ్ళు, నీళ్ళు అంటూ చెయ్యి ఊపింది. తల్లి నవ్వుతూ చెంబు అందించి, తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని, కూతురి చేతిలోంచి చెంబు లాక్కుంది. "అమ్మో, ఎట్టా తింటన్నారండీ మీరందరూ దీన్ని!" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. పిల్ల మాత్రం రెండో ముద్ద కలుపుతూనే ఉంది.

అంతటితో తల్లికి పూర్తిగా నమ్మకం కుదిరిందని చెప్పలేను. తర్వాత చాలా నెలలు నాకు ఫోన్లు వచ్చేవి.

"మేడం గారూ, ఇయ్యాల పిల్ల కళ్ళు పచ్చగున్నయ్యండీ."

"అన్నం తిందా?"

"పరీక్షని తినకుండా వెళ్ళిందండీ."

"రాగానే పెట్టండి. రేపటికి తగ్గుతుంది."

మర్నాడు ఆమే ఫోన్ చేసి, తగ్గిందని తనే కనిపెట్టినట్టు చెప్పేది. ఒకసారి చివరిసారని పసరు తెచ్చిందట. కూతురు ససేమిరా అంటే, పారబొయ్యడానికి మనసొప్పక తనే తాగి, రెండు రోజులు పొట్ట పట్టుకుని పడుకుందట. ఉపవాసం మానెయ్యమని నేనెప్పుడూ చెప్పలేదు. డాక్టరుగారితో మాట్లాడి, శుక్రవారాలు పళ్ళూ పాలూ తీసుకునేలా తల్లీకూతుళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు.

ఆ అమ్మాయి కోర్సు పూర్తిచేసి, ఇప్పుడు మచిలీపట్నంలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. ఈమధ్య ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. కొన్ని రోజుల కిందట ఒక ముసలావిడ తన మనవడిని రక్తపరీక్షకు తీసుకొచ్చిందట. ఇరవై ఏళ్ళవాడు, కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి, నిలబడలేకపోతున్నాడు. రక్తం తీస్తుంటే ముసలావిడ ఈమె ముఖంలోకి వంగి చూసి, "నీక్కూడా ఉన్నయ్యే కామెర్లు! నువ్వేం మందు తింటన్నావమ్మా?" అని అడిగిందట. ఆ సాయంత్రం అతన్ని పసరు మందుకు తీసుకెళ్దామని వాళ్ళ ఆలోచన.

"నువ్వేం చెప్పావు?"

"నాది వేరు, మీవాడిది వేరు మామ్మగారూ అన్నాను మేడమ్. వాడి శాంపిల్ అందరికంటే ముందు పెట్టి రన్ చేశా. డైరెక్ట్ చాలా ఎక్కువ, ఎంజైములు వేలల్లో ఉన్నాయి. మా పెథాలజిస్ట్ గారికి చూపిస్తే ఆయన వెంటనే హాస్పిటల్‌కు ఫోన్ చేశారు. మామ్మగారు కదలనంది. నేనే ఆటో ఎక్కించి, కూడా వెళ్ళి, డాక్టరు ముందు కూర్చోబెట్టి వచ్చా. ఇప్పుడు నయం మేడమ్, నిన్న డిశ్చార్జి చేశారంట."

చాలా మంచి పని చేశావన్నాను. ఆమె ఆ మాట విననట్టే, అసలు తను ఫోన్ చేసింది వేరే పని మీదనీ, మెషీన్ సరిగ్గా కొలుస్తోందో లేదో చూడటానికి రోజూ పెట్టే బిలిరుబిన్ కంట్రోల్ పొద్దున్నుంచీ తక్కువ చూపిస్తోందనీ చెప్పింది. రీఏజెంట్ మార్చారా, బల్బు పాతదా, కంట్రోల్ సీసా వెలుతురు తగిలేచోట పెడుతున్నారా అని నేను ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాను. ఆమె ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వెతుకుతున్నట్టుంది, డబ్బాల చప్పుడు వినపడుతోంది. ఇద్దరం చాలాసేపు ఆ మెషీన్ గురించే మాట్లాడుకున్నాం.